నలభై ఒక్క వరుసలు

గద్వాల,
ఆగస్టు 6.

అఫ్రీన్‌కు,

ముందు ఆశీస్సులు రాయడం నా అలవాటు. ఈసారి రాయలేదు. కోపం తగ్గినాక రాస్తాను.

ఫోన్ చేయకు. నాకు సరిగా వినబడదు. వినబడినా ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు. ఉత్తరమైతే నిదానంగా రాసుకుంటాను. నాది ఊరి బడిలో ఐదో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకో.

మూడేండ్ల కింద నువ్వు కాలేజీ పని మీద మళ్లీ మా వీధికి వచ్చావు. అరవై రెండు మగ్గాల ఇండ్లు తిరిగి అందరి మాటలు ఫోనులో పట్టుకున్నావు. తర్వాత అవన్నీ టైపు చేశావు. రంగులద్దే బషీర్ మనుమరాలు గదా అని అందరూ చాయ పోసి కూర్చోబెట్టారు. ఇప్పుడు చేనేత సంఘం వాళ్లు ఆ మాటలన్నీ కంప్యూటర్లో పెట్టి, పైన వెతికే డబ్బా ఒకటి కట్టించారు. కట్టింది నువ్వేనట. వనపర్తిలో నీ కొలువు అదేనట.

సంఘం ఒక నియమం పెట్టింది. ప్రతి అంచుకూ దాన్ని మొదట వేసిన మనిషి పేరు ఒక్కటే రాస్తారు. ఆ పేరు చీర మడతలో పెట్టే చీటీ మీద అచ్చవుతుంది. మనం చెప్పే పేరు నువ్వు టైపు చేసిన మాటల్లో దొరకాలి. దొరకకుంటే రాయరు. సెప్టెంబరు 30న జాబితా మూసేస్తారు.

జొన్నకంకి అంచు మా ఇంట్లో పుట్టింది. నూలు చీరకు పట్టు అంచు కలిసే కుట్టు దగ్గర కంకి తేలుతుంది. కంకికి ఇరవై ఎనిమిది గింజలు. మగ్గం మీద నా పక్కన కూర్చొని అంచు పోగు నడిపే నాడె వేసింది మా ఇంటిది. అంచు ఆమెదే.

సంఘం మాట తెలిసిన రోజు ఆమె రాట్నం తిప్పి నూలు కండెలు చుడుతున్నది. నా వైపు చూడకుండా ఒకటే అన్నది. "ఈసారన్న నా పేరు రాపియ్యి." రాట్నం మీద శాలువా కప్పి లోపలికి పోయింది.

నేను సంఘానికి పోయాను. పేరు కాగితం మీద రాసి ఇచ్చాను. కార్యదర్శి మద్దిలేటి దాన్ని టైపు చేశాడు. తెర మీద సున్నా వచ్చింది. తర్వాత వాళ్ల నాయన తిరుపతి సేటు పేరు కొట్టాడు. ఏడు వచ్చింది. పది మంది ఉన్నారు అక్కడ. మద్దిలేటి కుర్చీ నా వైపు తిప్పాడు.

"జోగన్నా, మిషిన్ అబద్ధమాడదు గదా. మీ ఇంటామె అసలు ఉన్నదా?"

అందరూ నవ్వారు. చెప్పులు వేసుకొని వచ్చేశాను. ఇప్పుడు ఆ అంచు మీద వాళ్ల నాయన పేరు రాసుకుంటాడట.

యాభై ఒక్క ఏండ్లు నా పక్కన కూర్చున్న మనిషిని నీ డబ్బా లేదన్నది. ఏం డబ్బా కట్టావు?

జోగయ్య


వనపర్తి,
ఆగస్టు 11.

జోగయ్య తాతకు అఫ్రీన్ సలాం.

ఆశీస్సులు లేకుండా నీ ఉత్తరం నాకెప్పుడూ రాలేదు. రెండుసార్లు తిప్పి చూశాను, వెనకాల రాశావేమోనని.

డబ్బాలో తప్పుందేమోనని నిన్న ఆఫీసులో అందరూ పోయినాక కూర్చొని మొత్తం విప్పి చూశాను. అది పీహెచ్‌పీ అనే భాషలో రాసింది. వెతకడానికి అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒకటి ఉంటుంది. నీకు జాకార్డు అట్టలు తెలుసు కదా. అట్టలో రంధ్రం ఉన్నచోటే పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇదీ అంతే. ఏది దొరకాలో దానికి అచ్చు రాసిస్తాం. మాటలన్నీ ఆ అచ్చు కిందినుంచి పోతాయి. సరిపోయింది లేస్తుంది.

నాగమణి అని అచ్చు రాశాను. సున్నా. ఒకవేళ నా టైపింగులో తప్పు పడిందేమోనని, మొదట నాగ, చివర మణి, నడుమ ఏదున్నా సరే అని రాశాను. సున్నా. తెలుగు అక్షరాలను ముక్కలు చేయకుండా చదవమని చెప్పే గుర్తు ఉందా లేదా అని కూడా చూశాను. ఉంది.

తాతా, నీకు కోపం వచ్చినా చెప్పాలి. డబ్బా సరిగానే ఉంది. మూడు వందల పేజీల్లో నాగమణి అవ్వ పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పని పేరును నేను ఎక్కడినుంచి తేవాలి?

మద్దిలేటి ఏడు సంగతి కూడా చూశాను. తిరుపతి అని ఏడుచోట్ల ఉన్న మాట నిజం. అందులో మూడు, తిరుపతికి పోయి గుండు కొట్టించుకున్నవాళ్లవి. మిగిలిన నాలుగు, తిరుపతి సేటు దుకాణంలో చీరలిచ్చి వచ్చామని చెప్పినవి. అంచు మాట ఒక్కదాంట్లోనూ లేదు. ఈ సంగతి సంఘానికి రాశాను. తిరుపతి సేటు పేరు ఆ అంచు మీద పడదు.

ఇంక నన్ను తిట్టకు. నా పని నేను సరిగానే చేశాను.

అఫ్రీన్


గద్వాల,
ఆగస్టు 16.

అఫ్రీన్‌కు,

నీ పని నువ్వు సరిగానే చేశావట. చదివి కాగితం మడిచి కింద పడేశాను. మళ్లీ నేనే తీశాను.

పేరు ఎవరూ చెప్పలేదంటావు. ఎవరు చెబుతారు? మా వీధిలో ఏ ఆడమనిషిని పేరు పెట్టి పిలవగా విన్నావు నువ్వు? ఎదురింటి జమ్ములమ్మను అడుగు. మా కొడుకు పేరు కలిపి "సుమన్ తల్లి" అంటుంది. బావి దగ్గర "జోగయ్యోళ్ల ఇంటామె" అంటారు. ఆమె మాత్రం నన్ను పేరు పెట్టి పిలుస్తుందా? "సుమన్ నాయిన" అంటుంది. పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందని పెద్దలు చెప్పారు. అందరం అట్లనే బతికాం. ఈ సంగతి తెలియకుండానే అరవై రెండు ఇండ్లు తిరిగావా? బషీర్ ఇంట్లో పుట్టినదానివి, మా గుమ్మంలో పెరిగినదానివి.

మీ తాత నా దగ్గరికి పట్టు రంగులద్ది తెచ్చేవాడు. రంగు దిగితే, దిగిందిరా అని ముందే చెప్పేవాడు. నా అద్దకం సరిగానే ఉంది, నీ నీళ్లే సరిగా లేవు అని ఒక్కనాడూ అనలేదు.

తిరుపతి సేటు పేరు తీయించావు. సరే. తీస్తే ఏమైంది? నిన్న మద్దిలేటి బజారులో ఆపి, అయితే ఆ గడి ఖాళీ ఉంచుతాం జోగన్నా అన్నాడు. లేకుంటే నీ పేరే రాస్తం, నీ పేరు మస్తుగ దొరుకుతున్నది అని కూడా అన్నాడు.

ఇంట్లో ఆమె బువ్వ పెడుతున్నది. మాట్లాడటం లేదు. గిన్నె చప్పుడుకు నాకు భయమవుతున్నది.

జోగయ్య


వనపర్తి,
ఆగస్టు 24.

తాతకు సలాం.

నువ్వు తిట్టింది నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేను పుట్టి పెరిగిన గాలి ఇది. మా ఇంట్లోనూ మా అమ్మ మా అబ్బాను పేరు పెట్టి పిలవదు. అయినా కంప్యూటర్ ముందు కూర్చోగానే మనుషులందరూ పేర్లతోనే ఉంటారని అనుకున్నాను.

అచ్చు మార్చాను. ఈ భాషలో నిలువు గీత ఒకటి ఉంటుంది. గీతకు అటున్నదైనా సరే, ఇటున్నదైనా సరే అని దాని అర్థం. సుమన్ తల్లి, గీత. సుమన్ అమ్మ, గీత. జోగయ్యోళ్ల ఇంటామె. మూడింటిలో ఏది వచ్చినా పట్టుకో అన్నాను. పద్నాలుగు లేచాయి తాతా. సున్నా ఉన్నచోట పద్నాలుగు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

కానీ చదివితే, అన్నీ పక్కింటి మాటలు. సుమన్ తల్లి పచ్చడి పంపింది, సుమన్ తల్లికి చెయ్యి విరిగింది. జమ్ములమ్మ ఒక్కతే "కంకి అంచు ఇగ సుమన్ తల్లినే అడగాలె" అన్నది. అది చాలదని మద్దిలేటి అంటాడు. అడగమన్నది కాని వేసిందని అనలేదు కదా అంటాడు.

అందుకని మనిషిని వదిలి అంచును వెతికాను. జొన్నకంకి అని కొట్టి, దానికి ముందు రెండు వరుసలు, వెనక రెండు వరుసలు తెప్పించుకున్నాను. అందులో ఒకటి ఇట్లా ఉంది:

జోగయ్య: నేను ముగ్గు చుక్కలు లెక్కపెట్టుకొని ఏసిన బిడ్డా. ముందుగాల గచ్చు మీద, తర్వాత మగ్గం మీద.

తాతా, నువ్వు ముగ్గు ఎప్పుడు వేశావు?

అప్పుడు పాత ఫారం గుర్తొచ్చింది. కాలేజీవాళ్లు ఇచ్చిన ఫారంలో ఇంటికి ఒకటే గడి ఉండేది, ఇంటి యజమాని అని. నేను టైపు చేసేటప్పుడు ఆ ఇంట్లో ఎవరు మాట్లాడినా వరుస మొదట్లో ఆ గడిలోని పేరే పెట్టుకుంటూ పోయాను. తొందర పని. వరుస మొదట్లో జోగయ్య అని ఉన్నవాటిని ఏరితే అరవై వచ్చాయి. ఆ అరవైలో నీవి ఎన్ని, అవ్వవి ఎన్ని?

నా డబ్బా సరిగానే ఉందని రాశాను. డబ్బాలో పోసింది నేను. తప్పు నాది.

అసలు రికార్డింగులు నా పాత ఫోనులో ఉన్నాయి. అది నాగర్‌కర్నూల్‌లో మా దాదా బషీర్ దగ్గరుంది. సెలవు పెట్టి పోతాను. ఈలోగా నువ్వు ఒక్క మాట రాయి. ముగ్గు మాట ఎవరిది?

అఫ్రీన్


గద్వాల,
ఆగస్టు 29.

అఫ్రీన్‌కు,

నాగర్‌కర్నూల్ పోవద్దు. ఎండలో బస్సుల్లో తిరగకు.

ముగ్గు మాట నేనే అన్నానేమో. యాదిలేదు. ఆమె చెప్పింది విని నేను చెప్పి ఉంటాను. మగ్గం ఇద్దరిది. మాటలు కూడా ఇద్దరివి అనుకుంటే ఏం?

నా పేరే రాయనీ. ఇంటి పేరు ఇంట్లోనే ఉంటది. బయటోని పేరైతే పడలేదు గదా. నువ్వు మేలు చేశావని చెబుతాను. ఇంతటితో వదిలెయ్యి.

మీ తాతను అడిగినట్టు చెప్పు. రికార్డింగులు అతనికి వినిపించకు.

ఆశీస్సులతో,
జోగయ్య


నాగర్‌కర్నూల్,
సెప్టెంబరు 5.

తాతకు,

సలాం రాయడం లేదు. నీ దగ్గర నేర్చుకున్నదే.

ఆశీస్సులు పంపావు. నేను అడిగింది ఆశీస్సులు కాదు.

ఫోను దొరికింది. చార్జింగు ఎక్కడానికి ఒక పూట పట్టింది. మా దాదా పక్కన మంచం మీద కూర్చొని విన్నాడు. వినిపించొద్దన్నావు కనుకనే వినిపించాను.

నీ ఇంటి రికార్డింగు నలభై నిమిషాలు. అందులో ఈ ముక్క ఉంది. నేను అడుగుతున్నాను: "ఈ అంచు ముందుగాల ఎవరు ఏసిన్రు తాతా?"

నువ్వు: "మా ఇంట్ల ఏసిన్రు."

"ఇంట్ల అంటే ఎవరు?"

"ఇంట్ల అంటే ఇంట్లనే. రాయి."

ఆ తర్వాత రాట్నం చప్పుడు ఆగిపోతుంది. ఎందుకో తెలియదు, అప్పట్లో నేను దాన్ని కూడా టైపు చేశాను. రాట్నం ఆగింది అని. ఈ మూడేండ్లూ ఆ వరుస అక్కడే ఉంది. నేను దాన్ని ఒక్కసారీ చదవలేదు.

అప్పుడు అవ్వ గొంతు వస్తుంది, ముగ్గు చుక్కలు లెక్కపెట్టుకొని ఏసిన బిడ్డా అని. గచ్చు మీద సుద్దతో గీసి, తడి గుడ్డతో తుడిచి, మళ్లీ గీసి పదకొండు రోజులు చూసుకున్నానని చెబుతుంది. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. నువ్వు నడుమ వచ్చి ఏమన్నావో యాదికి ఉందా?

"చాయ పెట్టు పో."

దాదా మూడుసార్లు పెట్టించుకొని విన్నాడు. "నాగమణమ్మ గొంతు ఇది. జోగయ్య గొంతు ఇంత పొడుగు మాట ఎన్నడు మాట్లాడదు" అన్నాడు. మీ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషి మా దాదా ఒక్కడేనేమో.

అరవై వరుసలూ ఒక్కొక్కటే విని ఏరాను. నలభై ఒకటి అవ్వవి. నీవి పంతొమ్మిది. వాటిలో పదకొండు, ఊ అన్నవే.

నా దగ్గర ఒక కిటుకు ఉంది. ఒక్క వరుస రాస్తే చాలు, జోగయ్య అని ఉన్నచోటల్లా నాగమణి అని మారిపోతుంది. రెప్ప వేసేలోపు. కానీ అప్పుడు నీ ఊ లన్నీ ఆమె నెత్తిన పడతాయి. ఒకరి మాటలు ఇంకొకరి పేరు కింద పెట్టే పని ఒకసారి చేశాను, ఇంక చేయను. అందుకే చెవితో విన్నాను.

సంఘానికి రాసి అడిగాను. వాళ్ల నియమం ఇది. ఒకసారి ఎక్కిన మాటల్లో పేరు మార్చాలంటే, ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ మనిషే వచ్చి, ఇవి నావి కావని సభలో నోటితో చెప్పాలి. కాగితం చెల్లదు.

ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. నీకు నిజం మొదటినుంచీ తెలుసు. పేరు కాగితం మీద రాసి ఇచ్చావు. యంత్రం చెబితే నువ్వు చెప్పక్కరలేదని ఆశపడ్డావు. యంత్రం చెప్పనందుకు నా మీద అరిచావు. నీ నోరు చేయాల్సిన పనిని నా డబ్బాకు అప్పజెప్పావు తాతా.

నీ మీద నాకు కోపం సగమే. ఆ గడిలో నీ పేరు టైపు చేసింది నా వేళ్లు. మిగతా సగం వాటి మీద.

దాదా ఒక మాట అడగమన్నాడు. "శాలువా సంగతి వానికి యాది ఉన్నదా?" ఏం శాలువా అంటే నాకు చెప్పలేదు. నిన్నే అడగమన్నాడు.

అఫ్రీన్


గద్వాల,
సెప్టెంబరు 14.

అఫ్రీన్‌కు,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులు. జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను.

యాది ఉంది.

ముప్పై ఐదేండ్ల కింద హైదరాబాదులో చేనేత చీరల ప్రదర్శన పెట్టారు. జొన్నకంకి చీర పట్టుకొని నేనూ బషీర్ పోయాం. ఆమె రాలేదు. సుమన్ చిన్నోడు, జ్వరం. అందరూ చీర చుట్టూ మూగారు. ఒక పెద్దమనిషి మైకులో, ఈ అంచు ఎవరి ఆలోచన అని అడిగాడు. వెయ్యి మంది ఉన్నారు. నాకు నోరు రాలేదు. నేను మాట్లాడకపోతే నాదే అనుకున్నారు. శాలువా కప్పారు. కాగితం ఇచ్చారు. ఇరవై ఎనిమిది గింజల జొన్నకంకి, రూపకర్త జోగయ్య అని ఉంది దాంట్లో.

కిందికి దిగినాక బషీర్, వదినెదని ఎందుకు చెప్పకపోతివిరా అన్నాడు. సిగ్గైందిరా అన్నాను.

ఇన్నేండ్లూ అదే అనుకున్నాను. సిగ్గు అని. కాదు. అందరూ చప్పట్లు కొడుతుంటే తియ్యగా ఉండె. అది నీకు మొదటిసారి రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చి శాలువా ఆమె చేతిలో పెట్టాను. ఆమె చూసింది. రాట్నం మీద కప్పింది. ఇప్పటికీ రోజూ కప్పుతుంది. పొద్దున తీస్తుంది, పని అయినాక కప్పుతుంది. ముప్పై ఐదేండ్లు నా కండ్ల ముందు.

నాకు కోపం నీ మీద కాదు. నా మీది కోపం నీ మీద పోశాను.

29న సభ ఉంది. పోతానో లేదో తెల్వదు.

జోగయ్య


వనపర్తి,
సెప్టెంబరు 19.

తాతా,

నువ్వు రాసింది చదివాను. తియ్యగా ఉండె అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంత కష్టమైన మాట రాయగలిగినవాడివి ఒక పేరు చెప్పలేవా?

నలభై ఒక్క వరుసలు పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి ఇందులో పెట్టాను. సభకు వచ్చి నీ తరఫున నేను మాట్లాడను. అవ్వకు ముందు చదివి వినిపించు. నడుమ వచ్చే చాయ పెట్టు పో అన్నది కూడా అచ్చు వేశాను, చదువు. అది నీదే.

అఫ్రీన్


గద్వాల,
అక్టోబరు 2.

చిరంజీవి అఫ్రీన్‌కు జోగయ్య ఆశీస్సులు.

పోయాను.

ముందు నీ కాగితాలు ఆమెకు చదివాను. తల ఎత్తకుండా కండెలు చుట్టింది. చాయ మాట కాడికి వచ్చేసరికి రాట్నం ఆపి, "అది గూడ రాసుకున్నదా ఆ పిల్ల" అన్నది. మళ్లీ తిప్పింది.

29న సంఘం హాలులో ఎనభై మంది ఉన్నారు. నా వంతు వచ్చింది. కాగితం తీసి ఇవ్వబోతే మద్దిలేటి, "కాగితం నడువది జోగన్నా, నోటితోని చెప్పాలె" అన్నాడు. వాని మొహంలో నవ్వు ఉంది. నేను పడిపోతానని చూస్తున్నాడు. ఆ నవ్వే నన్ను నిలబెట్టింది. కోపమొచ్చింది. కోపంలో నాకు మాట వస్తదని డెబ్బై మూడేండ్లకు తెలిసింది.

"నా పేరు కింద ఉన్న నలభై ఒక్క మాటలు నావి గావు. అవి నా పెండ్లాం నాగమణివి. అంచు నాగమణిది. హైదరాబాదుల నాకు కప్పిన శాలువా గూడ నాగమణిదే."

మూడుసార్లు వచ్చింది పేరు. నేను లెక్కపెట్టాను.

మద్దిలేటి, "మరి ముప్పై ఐదేండ్లు ఏం చేసినవ్?" అన్నాడు.

"నీ లెక్కనే కుర్చీల కూసున్న" అన్నాను.

ఈసారి అందరూ నవ్వారు, నన్ను చూసి కాదు. జమ్ములమ్మ వెనకనుంచి లేచి, మా ఇంటి వరుసలు కూడా విని ఏరాలన్నది. ఆమె వెనక ఇంకో ముగ్గురు లేచారు. జాబితా మూయలేదు. దసరా దాటినాక మూస్తారట. నీకు ఇంకా అరవై ఒక్క ఇండ్లు ఉన్నాయి. చెవులు జాగ్రత్త.

ఇంటికి వచ్చేసరికి వార్త నాకంటే ముందే వచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. సంతోషపడుతుందనుకున్నాను. కండ్లు ఎర్రగా ఉన్నాయి. "ఊరందరికి వినబడ్డదంట. నాకే వినబడలె" అన్నది.

రాట్నం కాడ నిలబడ్డాను. ఎనభై మంది ముందు వచ్చిన మాట ఒక్క మనిషి ముందు రాలేదు. ఆమె జరగలేదు. నన్ను జరగనియ్యలేదు. చాలాసేపటికి అన్నాను. పేరు.

"ఊ" అన్నది.

శాలువా తీసి ఆమె భుజం మీద కప్పబోతే తోసేసింది. రాట్నానికే మంచిగున్నది, ఉండనియ్యి అన్నది. తర్వాత, నువ్వు ఆ పిల్లకు రాస్తవు గదా, నేను చెప్పింది ఉన్నదున్నట్టు రాయి అని కూర్చున్నది. కింద ఉన్నది ఆమె చెప్పగా రాశాను. దీని ముందు నా పేరు పెట్టకు.

నాగమణి: పిల్లా, కంకికి గింజలు ఇరవై ఎనిమిది గావు. ఇరవై తొమ్మిది. నడిమి చుక్కను సుమన్ నాయిన ఎన్నడు లెక్కపెట్టడు. హైదరాబాదోళ్ల కాగితంల గూడ తప్పే ఉన్నది. చీటీ అచ్చు ఏయకముందే దిద్దు.